ఇంపీడ్: కాలికి కట్టిన మాట

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా పని. ‘ఇంపీడ్’ అనే చిన్న క్రియ దగ్గర పడినన్ని తప్పటడుగులు పెద్ద పెద్ద మాటల దగ్గర కూడా పడలేదు. అందులో నావీ ఉన్నాయి.

అపోహ: ఇంపీడ్ చేయడం అంటే ఆపేయడం.

ఆపేయడానికి ‘ప్రివెంట్’ ఉంది. ఇంపీడ్ చేస్తే పని సాగుతూనే ఉంటుంది, కాకపోతే ఈడుస్తూ. ‘హెవీ రెయిన్ ఇంపీడెడ్ ద రెస్క్యూ వర్క్’ అన్న వాక్యాన్ని ఒకప్పుడు ‘భారీ వర్షం సహాయక చర్యలను అడ్డుకుంది’ అని రాసి పంపేశాను. చదివినవాళ్ళు పనులు ఆగిపోయాయనే కదా అనుకుంటారు! ఇప్పుడైతే ‘వర్షం వల్ల సహాయక చర్యలు మందకొడిగా సాగాయి’ అంటాను.

కరెంటు చదువుకున్నవాళ్ళకి ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. 1886లో ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, ఏసీ కరెంటు ప్రవాహానికి ఎదురయ్యే నిరోధానికి ‘ఇంపీడెన్స్’ అనే మాటను తయారుచేసింది ఈ క్రియ నుంచే. ఇంపీడెన్స్ ఉన్నంత మాత్రాన ఏసీ కరెంటు ఆగిపోదు, అంత ధారాళంగా పారదు.

అపోహ: ఇందులో మన ‘పీడ’ ఉంది.

గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది గానీ చుట్టరికం లేదు. అసలు చుట్టం ‘పాదం’. లాటిన్‌లో ‘పెస్’ అంటే పాదం, ఇంపీడ్‌కు మూలమైన ‘ఇంపెదీరే’ అంటే కాళ్ళకు బంధం వేయడం. సంస్కృత పాదం, లాటిన్ పెస్, ఇంగ్లీషు ఫుట్ మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయి. రోమన్ సైన్యం వెంట మోసుకెళ్ళే సామాను పేరు కూడా ‘ఇంపెదిమెంతా’నే. పాపం, నడిచినవాళ్ళకే తెలియాలి. అదే కాళ్ళు విడిపిస్తే ‘ఎక్స్‌పెదీరే’. పని త్వరగా కానిచ్చే ‘ఎక్స్‌పెడైట్’ అక్కడి నుంచి పుట్టింది.

మనకూ ‘ముందరికాళ్ళకు బంధం’ ఉంది కదా అని సంబరపడ్డాను. కానీ వాడుకలో దాని అర్థం వేరు: ఎదుటివాడు నోరు తెరవకముందే మాటతో కట్టేయడం. బొమ్మ ఒకటే అయినా అనువాదంలో పనికిరాదు.

అపోహ: ఇంపీచ్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఉంది. కాలి ఉచ్చును లాటిన్‌లో ‘పెదికా’ అంటారు. అందులోంచి వచ్చిన క్రియ పాత ఫ్రెంచి మీదుగా ‘ఇంపీచ్’ అయింది. మొదట్లో దాని అర్థమూ ఆటంకపరచడమే, పోను పోను అభియోగం మోపడం అయింది. పదవి నుంచి దించేయడం మాత్రం కాదు: అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను 1998లో ఇంపీచ్ చేశారు, మరుసటి ఏడాది సెనేట్ నిర్దోషిగా వదిలేసింది.

వాడుక సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ‘ఇంపీడ్ హిమ్ టు గో’ తప్పు. ప్రోగ్రెస్, గ్రోత్, ఫ్లో, ఇన్వెస్టిగేషన్ లాంటి మాటలు క్రియ పక్కనే నేరుగా రావాలి. ఇక మాటల్లో అయితే ఇంగ్లీషువాళ్ళే దీన్ని పెద్దగా వాడరు, ‘స్లో డౌన్’ అంటారు. ఇది రిపోర్టుల్లో, కోర్టు కాగితాల్లో ఎక్కువగా కనిపించే మాట.