మీ ఇంటి వాతావరణ కేంద్రం చెప్పేది నిజమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటి వాతావరణ కేంద్రం కొని, సెన్సర్‌ను స్తంభానికి బిగించి, కొలతలు చూపే కన్సోల్‌ను వై-ఫైకి కలిపితే చాలు, మన పెరట్లోని ఉష్ణోగ్రత ప్రపంచమంతటికీ కనిపిస్తుంది. ఇంత తేలికగా సాధ్యమయ్యే పని గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదని చాలామంది అనుకుంటారు. కానీ పంపిన ప్రతి అంకెనూ ఎవరో ఒకరు నమ్ముతారు. ఇంటి దగ్గర కేంద్రం నడుపుతూ, కొత్తగా మొదలుపెట్టేవారి కొలతలు చూసి పెడుతూ ఉంటాను కాబట్టి తరచూ ఎదురయ్యే అపోహలు నాకు బాగా తెలుసు.

అపోహ: ఖరీదైన పరికరం కొంటే కొలతలు వాటంతటవే సరిగ్గా వస్తాయి

పరికరం కంటే దాన్ని పెట్టిన చోటు ముఖ్యం. థర్మామీటర్ ఏదైనా నిజానికి చెప్పేది తన ఉష్ణోగ్రతే. అది చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతతో సమానంగా ఉండేలా చూడడం మన పని. ఎండ నేరుగా తగిలినా, వేడెక్కిన గోడ పక్కన ఉన్నా, కాంక్రీటు డాబా మీద రెండడుగుల ఎత్తులో ఉన్నా ఆ సమానత్వం పోతుంది. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన తెల్లని జాలీ పెట్టెను నేటికీ వాడుతున్నది అందుకే. అది ఎండను ఆపుతుంది, గాలిని ఆడనిస్తుంది. ఇంటి కేంద్రాల్లో ఒకదానిపై ఒకటి పేర్చిన తెల్లని పళ్లేల్లాంటి కవచం చేసేదీ ఆ పనే.

ప్రపంచ వాతావరణ సంస్థ సూచన ప్రకారం సెన్సర్ నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, వీలైతే గడ్డి నేల మీద, గోడలకూ చెట్లకూ దూరంగా ఉండాలి. అందరికీ అంత స్థలం ఉండదు, నిజమే. డాబా తప్ప వేరే చోటు లేనివారు సెన్సర్‌ను కాంక్రీటు నుంచి వీలైనంత ఎత్తుకు తీసుకెళ్లి, అది డాబా మీద ఉందన్న సంగతి కేంద్రం వివరాల్లో స్పష్టంగా రాయాలి.

చోటు సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మబ్బు పట్టి గాలి వీచే రోజున మీ ఉష్ణోగ్రతను చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చండి. తర్వాత ఎండ కాస్తూ గాలి కదలని మధ్యాహ్నం మళ్లీ పోల్చండి. మొదటి రోజు అందరితో కలిసి, రెండో రోజు మీది మాత్రమే రెండు మూడు డిగ్రీలు పైకి పోతే లోపం సెన్సర్‌లో లేదు, కవచంలోనో చోటులోనో ఉంది. రాత్రిపూట మీది మాత్రమే చల్లబడకపోతే పక్కనున్న గోడను అనుమానించండి.

అపోహ: మధ్యాహ్నం తేమ మరీ తక్కువ చూపిస్తోందంటే తేమ సెన్సర్ చెడిపోయింది

సెన్సర్ మార్చే ముందు ఉష్ణోగ్రత చూడండి. అసలు గాలి 30 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుందాం. ఎండకు కవచం లోపలి గాలి 33 డిగ్రీలకు చేరితే అందులోని నీటి ఆవిరి మారకపోయినా తేమ దాదాపు 50 శాతమే కనిపిస్తుంది. డ్యూ పాయింట్ (గాలి చల్లబడుతూ ఏ ఉష్ణోగ్రత దగ్గర మంచు బిందువులు పడడం మొదలవుతుందో అది) మాత్రం రెండు సందర్భాల్లోనూ 21 డిగ్రీల పైచిలుకే వస్తుంది. అందుకే పొరుగు కేంద్రాలతో తేమ శాతాన్ని కాకుండా డ్యూ పాయింట్‌ను పోల్చాలి. అది కలిసి, తేమ శాతం కలవకపోతే తేమ సెన్సర్ తప్పేమీ లేదు. డ్యూ పాయింటే కలవకపోతే, సెన్సర్ కూడా కొన్నేళ్ల పాతదైతే, అప్పుడు మార్చడం సబబు. ఈ సెన్సర్లు కాలంతో పాటు దారి తప్పుతాయి.

అపోహ: వర్షమాపకం ఆకాశం కింద ఉంటే చాలు

ఇంటి కేంద్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తప్పు జరిగినట్టు కూడా తెలియదు, ఎందుకంటే వాన పడినప్పుడు ఏదో ఒక అంకె వస్తూనే ఉంటుంది.

ఎక్కువ పరికరాల్లో గరాటు కింద రెండు చిన్న దొప్పెలు తూగుతుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, రెండోది దాని స్థానంలోకి వస్తుంది. ఒక్కో ఒరుగు సాధారణంగా 0.2 మిల్లీమీటర్ల వానకు లెక్క. పరికరం సమతలంగా లేకపోతే ఈ లెక్క తప్పుతుంది. సన్నని ఊగే స్తంభానికి బిగిస్తే ఈదురుగాలికి దొప్పెలు వాటంతటవే ఒరిగి, పడని వాన నమోదవుతుంది. కుండపోతలో దొప్పె ఒరిగే ఆ క్షణంలో పడే నీరు లెక్కలోకి రాదు కాబట్టి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. గాలి జోరుగా ఉంటే చినుకులు గరాటు మీదుగా కొట్టుకుపోతాయి. పరికరం ఎంత ఎత్తులో ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. ఉష్ణోగ్రత, గాలి, వాన అన్నీ ఒకే స్తంభం మీద కొలిచే పరికరాలకున్న పెద్ద చిక్కు ఇదే: గాలికి ఎత్తు కావాలి, వానకు నేల దగ్గరి చోటు కావాలి.

దగ్గరలోని చెట్టో గోడో గరాటు అంచుకంటే ఎంత ఎత్తు ఉంటే, దానికి కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలి. వాన వెలిసిన చాలాసేపటికి కూడా నెమ్మదిగా 0.2 చొప్పున పెరుగుతూనే ఉంటే గరాటులో ఆకో, సాలెగూడో, పక్షి రెట్టో అడ్డుపడిందని అర్థం.

సరిచూసుకోవడం కష్టం కాదు. చదరపు మీటరుకు ఒక లీటరు నీరు అంటే ఒక మిల్లీమీటరు వాన. గరాటు వ్యాసం 20 సెంటీమీటర్లైతే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 314 మిల్లీలీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల వానతో సమానం. ఆ నీటిని చుక్కలు చుక్కలుగా, అరగంటకు తక్కువ కాకుండా పోయండి. కన్సోల్‌లో అంకె పది దగ్గర ఆగాలి. ఆన్‌లైన్‌లోకి మాత్రం ఈ నీళ్లు వానగా వెళ్లకూడదు, పరీక్షకు ముందే పంపడం ఆపేయండి. పక్కనే గీతలున్న మామూలు వర్షమాపకం ఒకటి పెట్టుకుని పెద్ద వాన పడ్డప్పుడల్లా రెండూ పోల్చడం అన్నిటికంటే మంచి అలవాటు.

అపోహ: గాలి వేగం విమానాశ్రయంలో కంటే తక్కువ వస్తోంది కాబట్టి సరిదిద్దాలి

అక్కడ విశాలమైన మైదానంలో 10 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. ఇళ్ల మధ్య నాలుగు మీటర్ల ఎత్తులో అంత గాలి నిజంగానే ఉండదు. ఆ అంకెను ఏదో గుణకంతో పెంచి పంపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. కొలిచినది కొలిచినట్టే పంపి, ఎత్తు ఎంతో రాయండి. కావలసినవారు లెక్క కట్టుకుంటారు.

అపోహ: వాయుపీడన సెన్సర్ కూడా బయటే ఉండాలి

అవసరం లేదు. మామూలు ఇంట్లో లోపలా బయటా పీడనం ఒకటే. చూడవలసింది ఎత్తు సవరణ, అంటే కొలిచిన పీడనాన్ని సముద్రమట్టానికి లెక్కగట్టడం. సముద్రమట్టం దగ్గర ప్రతి 8 మీటర్ల ఎత్తుకూ పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ (వాయుపీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. 400 మీటర్ల ఎత్తున్న ఊళ్లో ఆ తేడా 45 హెక్టోపాస్కళ్ల దాకా ఉంటుంది. సవరణ చేయకుండా పంపితే పీడనం బాగా పడిపోయి, మ్యాపులో మీ ఇంటి మీద తుపాను ఉన్నట్టు కనిపిస్తుంది.

అపోహ: తప్పులుంటే వెబ్‌సైటే సరిచేస్తుంది

సరిచేయదు. మహా అయితే పట్టుకుంటుంది. అమెరికాలో పౌరుల వాతావరణ పరిశీలనా కార్యక్రమం ద్వారా వచ్చే డేటా ఆ దేశ వాతావరణ సంస్థ నోవా వ్యవస్థలోకి చేరి అక్కడ పరీక్షలకు లోనవుతుంది. ఇలాంటి పరీక్షల్లో ముఖ్యమైనది పొరుగు కేంద్రాలతో పోలిక. మీది పది డిగ్రీలు తేడాగా ఉంటే వెంటనే దొరికిపోతుంది. ఒక డిగ్రీ తేడా చాలాసార్లు దాటిపోతుంది. చుట్టుపక్కల వేరే కేంద్రమే లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. అలాంటి చోట ఉన్న కేంద్రమే అందరికంటే విలువైనది, అందరికంటే జాగ్రత్తగా ఉండవలసినదీ అదే.

అపోహ: ఒక్క ఇంటి డేటాతో ఎవరికి ఏం ఉపయోగం?

1997 జూలైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ నగరంలో ఒక పక్క కొన్ని గంటల్లోనే అడుగుకు మించిన వాన కురిసి వరద ముంచెత్తింది. అదే నగరంలో ఇతర చోట్ల పడినది ఓ మోస్తరు వానే. అధికారిక కేంద్రాల మధ్య ఖాళీల్లో ఎంత జరిగిపోతుందో ఆ వరద చూపింది. మరుసటి ఏడాది కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మొదలైన కొకోరాస్ అనే స్వచ్ఛంద వర్షపాత నమోదు బృందానికి పునాది అదే. నార్వే వాతావరణ సంస్థ 2018 నుంచి ఇళ్లలోని నెటాట్మో అనే కంపెనీ కేంద్రాల కొలతలను వడపోసి తన ఉష్ణోగ్రత అంచనాల్లో వాడుతోంది. ఒక్కో కేంద్రం చిన్నదే, కానీ ఈ ఖాళీలు నింపగలిగేది అవే.

అపోహ: కొలత రాకపోతే సున్నా పంపితే సరిపోతుంది

ఇంతకంటే చేటు చేసే పని లేదు. వాన పడలేదని తెలియజేసే సున్నా విలువైన సమాచారం. ఎక్కడ వాన ఆగిందో గీత గీయడానికి అదే ఆధారం. బ్యాటరీ అయిపోయినందుకు వచ్చిన సున్నా దానిలో కలిస్తే రెంటినీ వేరుచేయడం ఎవరివల్లా కాదు. కొలత లేనప్పుడు ఖాళీగా వదలండి.

రోజువారీ వర్షపాతం పత్రికలో వచ్చిన దానితో కలవనప్పుడు కూడా కంగారు పడకండి. చాలా వాతావరణ శాఖలు ఉదయం నుంచి మరుసటి ఉదయం వరకు లెక్కిస్తాయి, మీ కన్సోల్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కిస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో పెట్టడంలో దాచుకోవలసినదేమీ ఉండదు

బయటి కొలతల్లో నిజంగా లేదు. కేంద్రానికి ఇంటిపేరు కాకుండా వేరే పేరు పెట్టుకోండి, చాలు. ఇంటి లోపలి సెన్సర్ల డేటా మాత్రం పంపకండి. గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం, తగ్గడం చూస్తే ఇంట్లో మనుషులు ఉన్నారో లేరో ఎవరైనా చెప్పగలరు.

అపోహ: ఒకసారి బిగించాక పని అయిపోయినట్టే

గరాటు శుభ్రం చేయాలి, కవచం మీది దుమ్ము తుడవాలి, పక్కన పెరుగుతున్న చెట్టును గమనించాలి. సెన్సర్‌ను మార్చినా, వేరే చోటికి జరిపినా ఆ తేదీ రాసిపెట్టాలి. లేకపోతే అయిదేళ్ల తర్వాత ఆ డేటా చూసేవారికి మీ ఊరు ఉన్నట్టుండి ఒక డిగ్రీ వేడెక్కినట్టు కనిపిస్తుంది. వీలైతే పాత సెన్సర్‌నూ కొత్తదాన్నీ కొన్ని వారాలు కలిపి నడిపి, తేడా ఎంతో కేంద్రం వివరాల్లో చేర్చండి.