కాన్ఫరెన్స్ పెద్దదైతే మన పిల్లలకి ఛాన్స్ పోయినట్టేనా? (అపోహలు - వాస్తవాలు)

డాలస్ పక్కన ఫ్రిస్కోలో టెన్నిస్ కోచింగ్ ఇస్తుంటాను. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము మ్యాచ్‌లు ఆడుకునే అమెరికా కాలేజీల గ్రూపు. 2024లో టెక్సాస్, ఓక్లహోమా యూనివర్సిటీలు ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌లోకి, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ వాళ్ళు బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళిన దగ్గర్నుంచి పేరెంట్స్ ఫోన్లు ఆగట్లేదు, అందులో సగం మనవాళ్ళవే.

అపోహ: కాన్ఫరెన్స్ దేశమంతా పాకింది, కోచ్‌లు ఇక లోకల్ పిల్లల్ని చూడరు.

వాస్తవం: ఇది స్కూల్‌ని బట్టి ఉంటుందండీ. నెబ్రాస్కా యూనివర్సిటీ బిగ్ ట్వెల్వ్ కాన్ఫరెన్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఏటా టెక్సాస్ టీమ్స్‌తో ఆడేది, ఇక్కడి ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి ఇంటి దగ్గర అమ్మానాన్నల ముందు ఆడతావు అని చెప్పుకునేది, 2011లో బిగ్ టెన్‌కి పోయాక ఆ మాట చెప్పడానికి లేకుండా పోయింది. కానీ మా డాలస్‌లోనే ఉన్న ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) సంగతి చూడండి, మ్యాచ్‌ల ప్రసారానికి టీవీ వాళ్ళిచ్చే డబ్బులో వాటా తొమ్మిదేళ్ళు వద్దని మరీ 2024లో ఏసీసీలో (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) చేరింది, మొదటి ఏడాదే ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి వెళ్ళింది. అంటే ఇక్కడి కుర్రాడు ఊరు దాటకుండానే పెద్ద కాన్ఫరెన్స్‌లో ఆడొచ్చు. (స్టాన్‌ఫర్డ్ కూడా అందులోనే ఉంది, కాలిఫోర్నియా కాలేజీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఏంటో, పేరు పెట్టినవాళ్ళకే తెలియాలి.)

అపోహ: మా వాడి టెన్నిస్ సీటు కాన్ఫరెన్స్ మార్పు వల్లే పోయింది.

వాస్తవం: కాదు. టెన్నిస్‌లో అసలు పోటీ విదేశాల నుంచి వచ్చే ప్లేయర్స్‌తో, ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో (కాలేజీ మారాలనుకునే ప్లేయర్స్ పేరు నమోదు చేసుకునే లిస్టు) ఉన్న సీనియర్లతో. మన వైజాగ్ సాకేత్ మైనేని అలబామాకి ఆడాడు కదా, ఆ లెక్కన అక్కడో టెక్సాస్ పిల్లాడికి ఒక స్పాట్ తగ్గినట్టే. కోచ్ ముందు చూసేది యూటీఆర్ (ఆటగాడి స్థాయిని చెప్పే టెన్నిస్ రేటింగ్), అడ్రస్ కాదు.

అపోహ: టీవీ డబ్బు వస్తోంది కాబట్టి స్కాలర్‌షిప్‌లు పెరుగుతాయి.

వాస్తవం: 2025 జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్ (కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) వచ్చాక అందులో చేరిన స్కూల్స్‌లో మగపిల్లల టెన్నిస్‌కి ఉన్న 4.5 స్కాలర్‌షిప్‌ల లిమిట్ పోయి, రోస్టర్ (టీమ్‌లో ఉండగలిగే పిల్లల సంఖ్య) గరిష్ఠంగా 10 మందికి ఫిక్స్ అయింది. పదిమందికీ ఇవ్వొచ్చు అన్నారే గానీ ఇవ్వాలనలేదు. డబ్బులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కీ, బాస్కెట్‌బాల్‌కీ పోతుంది, మిగిలింది మిగతావాళ్ళు సర్దుకోవాలి.

అపోహ: ప్రయాణం అందరికీ ఒకటే.

వాస్తవం: ఫుట్‌బాల్ వాళ్ళు చార్టర్ ఫ్లైట్‌లో వెళ్ళి ఒక్క మ్యాచ్ ఆడి అదే రాత్రి వచ్చేస్తారు, టెన్నిస్ పిల్లలకి చాలాచోట్ల మామూలు ఫ్లైటే. లాస్ ఏంజెలెస్ నుంచి బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీ రట్గర్స్ యూనివర్సిటీకి వెళ్ళాలంటే మూడు గంటల టైమ్ తేడా, శుక్రవారం మ్యాచ్ ఉంటే గురువారం క్లాస్ గోవిందా. ఇంజినీరింగ్ చదివించే ఆలోచన ఉంటే, విజిట్‌కి వెళ్ళినప్పుడు లాకర్ రూమ్ ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు, ముందు పోయిన స్ప్రింగ్ షెడ్యూల్ అడిగి ఎన్ని ల్యాబ్‌లు పోయాయో టీమ్‌లో పిల్లల్నే అడగండి, కోచ్ పక్కన లేనప్పుడు.