‘అతిథి’ మాట మీద అపోహలు - వాస్తవాలు

వార్తలు దిద్దే డెస్కులో ‘అతిథి’ కనిపించని రోజుండదు. సభ అంటే ముఖ్య అతిథి, పెళ్లంటే అతిథులు, క్రికెట్ అంటే ఆతిథ్య జట్టు, చలికాలం వస్తే కొల్లేటికి విదేశీ అతిథులు. ఇంత అరిగిన మాట మీద కూడా వాదనలు తెగవు. తరచూ తగిలేవి కొన్ని చెబుతాను.

అపోహ: తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి. పిలిస్తే వచ్చినవాడు అతిథి కాడు.

‘అ’ అంటే లేదు, ‘తిథి’ అంటే తేదీ, లెక్క సరిపోయింది. చెప్పడానికి తేలిక, వినడానికి ముచ్చట, అందుకే పాతుకుపోయింది. ఈ వ్యుత్పత్తి నిఘంటువుల్లోనూ దొరుకుతుంది, కాదనను. కానీ అదొక్కటే కాదు, అన్నిటికంటే పాతదీ కాదు. సంస్కృత వ్యాకరణం ప్రకారం ‘అత’ ధాతువుకు ఎడతెగకుండా సాగిపోవడం అని అర్థం. దానికి ‘ఇథిన్’ ప్రత్యయం చేరితే అతిథి. అంటే దారిన పోతూ వచ్చినవాడు. వేదంలోని మాటలకు వ్యుత్పత్తులు చెప్పే యాస్కుడి నిరుక్తం కూడా ముందు ‘ఇళ్లకు వెళ్లేవాడు’ అనే చెబుతుంది. ఆ వెంటనే ‘తిథుల్లో పరుల ఇళ్లకు వచ్చేవాడు’ అని ఇంకో వివరణ ఇస్తుంది. చూడండి, ఇక్కడ తిథి ఉంది, ‘లేదు’ మాత్రం లేదు!

మనుస్మృతి మూడో అధ్యాయానిది మరో దారి. ఒక్క రాత్రి ఉండేవాడు అతిథి, అతని ఉనికి నిత్యం కాదు కాబట్టి ఆ పేరు వచ్చిందంటుంది. ఇందులో తేదీ ఊసే లేదు. అలాగని రెండో రోజు పొద్దుటికల్లా అతిథి హోదా పోతుందనుకోనక్కర్లేదు. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు తిండి లేకుండా యముడి ఇంట్లో ఉంటాడు. అప్పుడు కూడా యముడు అతణ్ణి అతిథీ, నమస్కరించదగినవాడా అనే పలకరించి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిస్తాడు.

‘ముఖ్య అతిథి’ తప్పు, ‘ముఖ్య ఆహ్వానితుడు’ అని రాయాలని పట్టుబట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కార్డు మీద తేదీ, వేళ, ఆయన ఫొటో అన్నీ ఉన్నా ఆయన అతిథే. వస్తాడు, కాసేపుంటాడు, వెళ్లిపోతాడు. (కాసేపు అన్నది కొందరి విషయంలో మన ఆశే అనుకోండి.)

అపోహ: ‘అతిథి దేవోభవ’ అంటే అతిథి దేవుడితో సమానం.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే బుద్ధుల్లోది ఈ వాక్యం. అక్కడ ‘అతిథిదేవ’ అన్నది ఒకే సమాసం, బహువ్రీహి. అతిథి ఎవరికి దేవుడో అతడు అని దాని అర్థం. ‘భవ’ అంటే అగుము. కలిపి చదివితే, అతిథిని దేవుడిగా చూసుకునేవాడివి కా అని. మాతృదేవో, పితృదేవో, ఆచార్యదేవో కూడా ఇంతే. అతిథిని పొగిడే మాట కాదిది, ఇంటివాడికి పని పురమాయించే మాట. కాబట్టి రాసేటప్పుడు ఖాళీ ‘అతిథిదేవో’ తర్వాత రావాలి: అతిథిదేవో భవ. మా కాపీలో దిద్దుతాను. హోటళ్ల బోర్డుల జోలికి పోను.

అపోహ: అతిథి, అతిధి ఏది రాసినా ఒకటే.

ఒకటి కాదు. కడుపులో చుక్క ఉన్న ‘థ’ రాయాలి. మనం పలికేటప్పుడు థ కాస్తా ధ అయిపోతుంది. కథను కధ, రథాన్ని రధం చేసేదీ ఈ అలవాటే. పైగా విధి, నిధి, అవధి లాంటి మాటలు చెయ్యిని అటే లాగుతాయి. గెస్ట్ హౌస్ గోడ మీద ‘అతిధి గృహం’ అని అడుగు ఎత్తు అక్షరాల్లో చూసినవాడికి ఇంక అదే ఒప్పుగా తోస్తుంది. ‘అతిథ్యం’ కూడా తప్పే. ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు దీర్ఘం వస్తుంది, ఆతిథ్యం అనాలి.

అపోహ: ఆతిథేయుడంటే గౌరవంగా అతిథి.

తలకిందులు. ఆతిథేయుడంటే ఇంటివాడు. పాణిని సూత్రం ప్రకారం అతిథుల విషయంలో సాధువు, అంటే నేర్పున్నవాడు ఆతిథేయుడు. ఇల్లుంటే చాలదు, చూసుకోవడం తెలిసుండాలి. ఆటల పేజీలో ‘పర్యటనకు వచ్చిన ఆతిథేయ జట్టు’ అని పడితే మర్నాడు ఫోన్లు మొదలు.

అపోహ: ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అతిథులే.

పుస్తకంలో అవును, ఇంట్లో కాదు. కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం, అతిథులొస్తారని ఎవరూ అనరు. నాలుగు రోజుల రాకను చుట్టపుచూపు అంటాం. ఆ నాలుగు రోజులు నెలైతే, చుట్టమై వచ్చి దెయ్యమై పట్టుకున్నట్టు అంటాం. తమిళంలో విరుందు అంటే వచ్చిన మనిషీ, పెట్టే భోజనమూ రెండూ. ఈనాటి మన ‘విందు’లో భోజనమే మిగిలింది. అందుకే కుటుంబ కథనాల్లో ‘అతిథులు’ కనిపిస్తే ‘చుట్టాలు’ అని మారుస్తాను. సభల వార్తల్లో అలాగే ఉంచేస్తాను.

అపోహ: నేలపట్టు, తేలినీలాపురం పక్షులు సైబీరియా అతిథులు.

ఏటా వచ్చే వార్త ఇది. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) దక్షిణాసియా పక్షులే. సైబీరియాతో వాటికి సంబంధం లేదు. ఇక్కడే గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక కదులుతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను అతిథి అంటామా? చలికాలం గడపడానికి మాత్రమే ఉత్తరాది నుంచి దిగే బాతులకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. గూడబాతుల వార్తలో సైబీరియాను తప్పకుండా కొట్టేస్తాను. ‘అతిథులు’ ఉంచడమా తీసేయడమా అన్నది ఆ పూట శీర్షికలో ఉన్న చోటును బట్టి.