ఇంజన్ గదిలోంచి కనిపించే సముద్రం

మనవళ్లూ, మనవరాళ్లూ,

సముద్రం మీద మంచి కవితలు చెప్పమన్నారు కదా. అలలూ, వెన్నెలా ఉన్నవి ఎవరినడిగినా చెప్తారు, నేను మాత్రం బల్గేరియా కవి నికోలా వప్త్సరోవ్ దగ్గరికి తీసుకెళ్తాను. 1909లో బాన్‌స్కో అనే కొండ ఊళ్లో పుట్టాడు. సాహిత్యం చదువుకోవాలని ఉండేది కానీ ఇంట్లో అంత డబ్బు లేదు, దాంతో 1926లో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న వర్నాలో, ఓడల మెషీన్ల పని నేర్పే బడిలో చేరాడు (ఇప్పుడు అక్కడి నౌకా విద్యాలయానికి ఆయన పేరే).

అందుకే ఆయన సముద్రం ఇంజన్ ఆయిల్ వాసన కొడుతుంది. 'ఉత్తరం' అనే కవితలో పాత స్నేహితుణ్ణి సముద్రం గుర్తుందా అని అడుగుతాడు, అదే ఊపులో మెషీన్లు గుర్తున్నాయా, ఓడ అడుగున సరుకు పెట్టే చోట ఒంటికి అంటుకునే ఆ చీకటి గుర్తుందా అంటాడు. ఒడ్డున కూర్చుని రాసేవాళ్లకి ఆ చీకటి ఎక్కడ దొరుకుతుంది? ఫిలిప్పీన్స్ వెళ్లాలన్న పిచ్చి కోరికా, ఫమగుస్తా మీద పెద్ద పెద్ద నక్షత్రాలూ ఆ తర్వాతే వస్తాయి.

ఫమగుస్తా సైప్రస్‌లో రేవు. 1932లో 'బుర్గాస్' అనే ఓడ మీద అలెగ్జాండ్రియా, బేరూత్ వైపు వెళ్లినప్పుడు దాన్ని చూశాడు. ఒకసారి మ్యాప్ తీయండి: నల్ల సముద్రం చుట్టూ నేలే, మహాసముద్రం వైపు ఓడ కదలాలంటే ఇస్తాంబుల్ దగ్గరున్న సన్నటి జలసంధిలోంచే పోవాలి. అలాంటి చోట ఓడల చదువు చదివే కుర్రాళ్లకి దూరదేశం పేరు వింటేనే మనసు లాగేసిందంటే నాకైతే ఆశ్చర్యం లేదు.

చదువయ్యాక దొరికింది ఓడ కాదు, ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పని. కవితలో కూడా ఆశలు ఒక్కొక్కటీ ఆరిపోతాయి, మళ్లీ చివర్లో మంచు పగలగొడతాం, మన సూర్యుడు వస్తాడు అంటాడు. ఆ చివరి భాగం కాస్త నినాదంలా ఉంటుంది, నాకు మొదటి భాగమే ఇష్టం. అయినా తేలిగ్గా తీసిపారేయలేను. హిట్లర్‌తో చేతులు కలిపిన ప్రభుత్వాన్ని రహస్యంగా ఎదిరించినందుకు 1942లో ఆయన్ని కాల్చి చంపారు, అప్పటికి 32 ఏళ్లు.

బతికుండగా వచ్చిన పుస్తకం ఒక్కటే, 1940 నాటి 'మోటార్ పాటలు'. ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి, ముందు 'ఉత్తరం' చదవండి, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినండి. అర్థం కాని చోట ఫోన్ చేయండి, మధ్యాహ్నం మాత్రం వద్దు, నిద్రపోతాను.

మీ తాతయ్య