ఉక్కు పేరును చివరి అక్షరం దాకా చదవాలి

క్రేన్ల చేతులకు వాడే ఉక్కు ప్లేటు మీద ‘ఎస్690క్యూఎల్’ వంటి గుర్తు ఉంటుంది. చూసినవారి కన్ను ముందుగా అంకె మీద పడుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. నా మటుకు ఆ పేరులో ఎక్కువ శ్రద్ధగా చదవవలసింది తోకలా కనిపించే చివరి అక్షరాలనే.

ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 10025 ప్రకారం మొదటి ‘ఎస్’ అది నిర్మాణాలకు వాడే ఉక్కు అని తెలుపుతుంది. దాని వెంట ఉన్న 690 కనీస ఈల్డ్ స్ట్రెంత్. అంటే చదరపు మిల్లీమీటరుకు 690 న్యూటన్ల లాగుడు దాకా, బరువు తీయగానే ఉక్కు దాదాపుగా తన పూర్వపు పొడవుకు వచ్చేస్తుంది. ఆ హద్దు దాటాక సాగిన సాగుడు ఇక వెనక్కి రాదు. ఈ హామీ కూడా 50 మిల్లీమీటర్ల మందం వరకే. అంతకు మించిన ప్లేటు నడిమి భాగం పైపొరంత వేగంగా చల్లారదు కనుక, 100 మిల్లీమీటర్ల దాకా 650 ఉంటే చాలునని ప్రమాణమే సడలింపు ఇస్తుంది.

అంకెకు అన్ని దేశాలలోనూ ఒకే అర్థం లేదు. జపాను ‘ఎస్ఎం490’లోని 490 ఈల్డ్ కాదు, తెగిపోయేలోపు తట్టుకునే గరిష్ఠ లాగుడు, దాని ఈల్డ్ 16 మిల్లీమీటర్ల మందం వరకు 325 మాత్రమే. ఐరోపా ఎస్460 కంటే అదే బలమైనదని అంకెను బట్టి ఎంచుకున్నవారి లెక్క తలకిందులవుతుంది. అమెరికా ‘ఏ572 గ్రేడ్ 50’లో 572 ప్రమాణపు వరుస సంఖ్య, అసలు బలం 50లో ఉంది, చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లంటే సుమారు 345 మెగాపాస్కళ్లు (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటనే). చైనా ‘క్యూ690’లో క్యూ అంటే ఈల్డ్‌కు వారి భాషలో ఉన్న మాటలోని మొదటి అక్షరం.

ఐరోపా పేరు చివర వచ్చే క్యూకు దానితో పొత్తు లేదు. ఉక్కును ఎర్రగా కాల్చి, చప్పున చల్లార్చి, మళ్లీ కొంత వేడిచేసి పదును పెట్టారని అది చెబుతుంది. ఆ పక్కన ఉన్న ‘ఎల్’ చలిని తట్టుకునే శక్తికి గుర్తు. దాన్ని చార్పీ పరీక్షలో తేలుస్తారు. చిటికెన వేలంత ఉక్కు కడ్డీ, 10 మిల్లీమీటర్ల చదరం, 55 మిల్లీమీటర్ల పొడవు. నడుమ 2 మిల్లీమీటర్ల లోతున గాటు. దాన్ని చల్లని ద్రవంలో ఉంచి తీసి, గాటు వెనుక లోలకం లాంటి సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరిస్తే అది పెళుసుగా పగిలినట్టు. మసకగా, పీచుపీచుగా, అంచులు సాగి ఉంటే ఉక్కు పెనుగులాడి విరిగినట్టు. విరగడానికి కనీసం 30 జౌళ్లు, అంటే 3 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి, ఖర్చు కావాలి. ఈ షరతును క్యూ ఉక్కు మైనస్ 20 డిగ్రీల వద్ద, క్యూఎల్ మైనస్ 40 వద్ద, క్యూఎల్1 మైనస్ 60 వద్ద నెగ్గాలి. మూడింటికీ అంకె మాత్రం 690యే. మామూలు ఎస్355కు వచ్చే జేఆర్, జే0, జే2 కూడా ఇదే కోవలోవి. వాటికి 27 జౌళ్లు చాలు, పరీక్ష వరుసగా 20, 0, మైనస్ 20 డిగ్రీల వద్ద.

1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో కట్టి ఉన్న స్కెనెక్టడీ అనే కొత్త చమురు నౌక నడిమికి ఉన్నట్టుండి పగిలిపోయింది. తుఫాను లేదు, ఢీకొన్నది ఏదీ లేదు. వెల్డింగు లోపాలతోపాటు చలిలో ఉక్కు పెళుసెక్కడం అలాంటి నౌకల పగుళ్లకు ముఖ్య కారణమని తరువాతి పరిశోధనలో తేలింది. ఈల్డ్ అంకె ఎంత పెద్దదైనా ఇలాంటి పగులును ఆపలేదు.

పేరులో కనిపించనిది ఒకటుంది, వంగుడు. ఎస్355కైనా ఎస్690కైనా బరువుకు సాగకుండా బిగువుగా నిలిచే గుణాన్ని కొలిచే యంగ్ గుణకం సుమారు 2,10,000 మెగాపాస్కళ్లే. బలమైన ఉక్కు దొరికిందని దూలాన్ని పలుచన చేస్తే, అది విరగకపోవచ్చు గాని, అదే బరువుకు మునుపటి కంటే ఎక్కువ కిందికి వంగుతుంది.