కథలో విలన్ ఎవరు? పిల్లలకు పాత్రలు నేర్పడంలో అపోహలు – వాస్తవాలు

అపోహ: నాయకుడంటే మంచివాడు, ప్రతినాయకుడంటే చెడ్డవాడు.

వాస్తవం: ఎవరి కోరిక వెంట కథ నడుస్తుందో ఆ పాత్ర నాయకుడు. ఆ కోరికకు అడ్డం నిలిచేది ప్రతినాయకుడు. మంచిచెడ్డల లెక్క వేరే.

పంచతంత్రంలోని మిత్రభేదం కథే తీసుకోండి. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) దగ్గర్నుంచి ఇప్పటి బొమ్మల పుస్తకాల దాకా పిల్లలకు అందుతూనే ఉంది. ఇందులో నాయకుడెవరని అడిగితే కొందరు సంజీవకుడంటారు, ఎద్దు పాపం కాబట్టి. కొందరు పింగళకుడంటారు, సింహం రాజు కాబట్టి. కానీ ఎద్దును రాజు దగ్గరికి తెచ్చింది దమనకుడు. వాళ్లిద్దరికీ దోస్తీ ముదిరి తన పలుకుబడి తగ్గిందని చాడీలు చెప్పి విడదీసిందీ దమనకుడే. ఆ నక్కను తీసేస్తే కథే లేదు. కథను నడిపేది దమనకుడు, వాడు చేసింది దుర్మార్గం. ఈ రెండూ ఒకేసారి నిజమేనంటే పదేళ్ల పిల్లలు ఇట్టే ఒప్పుకుంటారు. తటపటాయించేది పెద్దవాళ్లే. తెలుగు మాస్టార్లకు ముందు అలంకారశాస్త్రం చెప్పే ధీరోదాత్తుడు, అంటే గంభీరుడైన ఉత్తమ నాయకుడు, గుర్తొస్తాడు కదా! గర్వం, కోపం, కపటం ఉన్న ధీరోద్ధతుణ్ణి కూడా అదే అలంకారశాస్త్రం నాయకుల్లోనే చేర్చింది.

అపోహ: ముందు నిర్వచనం రాయించాలి, తర్వాత కథ చెప్పాలి.

వాస్తవం: అలా చేస్తే నిర్వచనం కంఠతా వస్తుంది, కొత్త కథ ఇస్తే చేతులెత్తేస్తారు. 40 నిమిషాల పీరియడ్‌ను ఇలా వాడండి. మొదటి పది నిమిషాలు కథ చెప్పడమే, మధ్యలో ప్రశ్నలు వద్దు. తర్వాత బోర్డు మీద మూడు గళ్లు గీయండి: ఎవరికి? ఏం కావాలి? ఏది అడ్డొచ్చింది? పావుగంటలో పిల్లల చేతే నింపించండి. ఇంకో పది నిమిషాలు ‘తీసేసి చూద్దాం’ ఆట: ఒక్కో పాత్రనూ చెరిపేసి, మిగిలినది కథగా నిలుస్తుందా అని అడగాలి. నాయకుడు, ప్రతినాయకుడు అన్న మాటలు చివరి అయిదు నిమిషాల్లో చెబితే చాలు. ఒకటి, రెండు తరగతుల్లో ఆ మాటలూ అక్కర్లేదు, ‘ఏం కావాలి?’ అన్న గడి ఒక్కటే సరిపోతుంది.

ఎక్కడ దెబ్బతింటుందంటే, మొదట వినబడ్డ పేరునే పిల్లలు మొదటి గడిలో రాసేస్తారు. ‘అనగనగా ఒక రాజు’ అంటే చాలు, రాజే నాయకుడు. అందుకే రెండో గడి ముందు నింపించి, తర్వాత మొదటి గడికి రండి.

అపోహ: ప్రతి కథలోనూ ఒక విలన్ ఉండి తీరాలి.

వాస్తవం: కుండ అడుగున నీళ్లున్న కాకి కథలో విలన్ ఎవరు? ఎవరూ లేరు. అందని నీళ్లే అడ్డంకి.

ఇంతకన్నా మంచి పాఠం మన ఏడు చేపల కథలో ఉంది. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపును ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడ్చింది, చీమ కుట్టింది. (మీ ఊళ్లో వరస కాస్త మారొచ్చు, పిల్లలకు తెలిసిన వరసే వాడండి.) ప్రతివాళ్లూ తప్పు పక్కవాళ్ల మీదికి నెడతారు. చివరికి దొరికిన చీమ ఏమంటుంది? ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ ఇక్కడ ఆగి, చీమ పేరుతో మూడు గళ్లూ మళ్లీ నింపించండి. ఎవరికి: చీమకు. ఏం కావాలి: పుట్ట భద్రంగా ఉండాలి. అడ్డు: పాప వేలు. రాజకుమారుడి కథలో అడ్డంకి అయిన చీమ తన కథలో నాయకురాలైపోయింది. ప్రతినాయకత్వం కథలో ఒక స్థానమే తప్ప ఒకరి స్వభావం కాదన్న సంగతి నిర్వచనంతో పన్లేకుండా తెలిసిపోతుంది. మూడో తరగతి నుంచి హాయిగా చేయించవచ్చు.

అపోహ: విలన్ వైపు నుంచి కథ రాయిస్తే పిల్లలు చెడును సమర్థించడం నేర్చుకుంటారు.

వాస్తవం: ఈ భయం పూర్తిగా ఉత్తది కాదు. ఆవు–పులి కథ చెప్పి ‘పులి కథ నువ్వు రాయి’ అని వదిలేస్తే, పులిని అమాయకురాలిగా, ఆవును మోసగత్తెగా మార్చేసే పిల్లలుంటారు. అందుకని రెండు షరతులు పెట్టాలి. ఒకటి, జరిగిన సంఘటనలు మార్చకూడదు. రెండు, చివర రెండు వాక్యాలు విడిగా రాయాలి: పులి ఎందుకలా చేసింది, అలా చేయడం సరైనదేనా. అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు–పులి కథ ఇందుకు చక్కగా పనికొస్తుంది. పులికున్నది ఆకలి, ఆవు మీద పగ లేదు. దూడకు పాలిచ్చి మాట ప్రకారం తిరిగొచ్చిన ఆవును చూసి మనసు మార్చుకున్నదీ పులే. ఆరో తరగతి పైన అయితే ‘కథ మొదట్లో ఉన్నట్టే చివర్లో లేనిది ఎవరు?’ అని కూడా అడగండి. అడ్డంకిగా వచ్చిన పాత్రే ఎక్కువ మారిందని వాళ్లే పట్టుకుంటారు.

అపోహ: ‘నేను’ అంటూ కథ చెప్పేవాడే నాయకుడు.

వాస్తవం: కాకపోవచ్చు. మనవడు ‘నేను’ అంటూ తాతయ్య కథ చెబితే నాయకుడు తాతయ్యే. రెండో గడి అడిగితే తేలిపోతుంది.

అపోహ: ‘నాయకుడెవరు?’ అని ఒక మార్కు ప్రశ్న ఇస్తే నేర్చుకున్నదీ లేనిదీ తెలుస్తుంది.

వాస్తవం: పేరు ఊహించి రాసినా ఆ మార్కు వస్తుంది. నాలుగు మార్కులు చేయండి: పేరుకు ఒకటి, కోరికకు ఒకటి, కథలోంచి చూపించిన ఆధారానికి రెండు. మీరనుకున్న పేరు రాయకపోయినా, ఆధారం నిలబడితే పూర్తి మార్కులు వేయాలి. మిత్రభేదంలో సంజీవకుడి పేరు రాసి, ‘బతికి గడ్డి మేయాలనుకున్నాడు, దమనకుడు అడ్డొచ్చాడు’ అని కథలో చోటు చూపించిన పిల్లకు నాలుగూ వేయాల్సిందే.