డిఫెండర్ బోల్తా పడే ఆ కాస్త సమయం

విశాఖలో పొద్దున్నే గ్రౌండ్‌కి వెళితే ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలు ప్లాస్టిక్ కోన్ల మధ్య నుంచి బంతిని మెలికలు తిప్పుతూ కనిపిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అంత చక్కగా తిప్పిన పిల్లలు కూడా మ్యాచ్‌లో ఒక్క డిఫెండర్ ఎదురైతే చాలు, బంతి పోగొట్టుకుంటారు. ఎందుకంటే డిఫెండర్‌ని తప్పించుకోవడం కాళ్ళతో మాత్రమే అయ్యే పని కాదు. ఎదుటివాడి మెదడు ఎంత ఆలస్యంగా తేల్చుకుంటుందో కనిపెట్టి, ఆ ఆలస్యాన్ని వాడుకోవాలి.

కంటికి ఏదైనా కనిపించాక ఒంట్లో కదలిక మొదలవడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. కుడికా, ఎడమకా అని తేల్చుకోవాల్సి వస్తే అది 0.3 దాకా పోతుంది. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ ఈ ఆలస్యం ఎలా పెరుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లో లెక్కగట్టి చూపించాడు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరిగెత్తే కుర్రాడు 0.3 సెకనులో మీటరున్నర ముందుకి వెళ్ళిపోతాడు. ఒక మనిషిని దాటడానికి ఆ జాగా చాలు.

నాకు వీటన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇంకొకటుంది. మెదడు ఒక సంకేతానికి జవాబు చెప్పే పనిలో ఉండగా రెండోది వస్తే, ఆ రెండోది కాసేపు ఆగాల్సిందే. టెల్ఫోర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1931లో ఈ సంగతి గమనించాడు. మీరు భుజం దించి ఎడమకి వెళ్తున్నట్టు కనిపించారనుకోండి. డిఫెండర్ మెదడు ఎడమకి కదలమని ఆదేశం పంపేసింది. సరిగ్గా అప్పుడు మీరు కుడికి తోస్తే, అతను కళ్ళారా చూస్తూ కూడా వెంటనే తిరగలేడు. భుజం మరీ గబుక్కున దించి లేపేస్తే అతను దాన్ని పట్టించుకోడు. ఎక్కువసేపు అలాగే ఉంటే తేరుకుంటాడు. ఈ రెండింటి మధ్య దొరికే వ్యవధి సెకనులో కొన్ని పదో వంతులే. కబడ్డీలో కూతకెళ్ళినవాడు కాలు చాచినట్టే చాచి వెనక్కి లాగడంలో ఉన్న కిటుకు కూడా ఇదే.

బ్రెజిల్ ఆటగాడు గారించా దీనికి మంచి ఉదాహరణ. 1958లోనూ 1962లోనూ ప్రపంచ కప్ గెలిచిన జట్లలో ఉన్నాడు. కాళ్ళు వంకర. ఎక్కువసార్లు కుడివైపు నుంచే దాటేవాడు, ఆ సంగతి డిఫెండర్లకీ తెలుసు. ఎటు వెళ్తాడో తెలిసినా, ఎప్పుడు వెళ్తాడో తెలిసేది కాదు.

మరి డిఫెండర్ దేన్ని నమ్మాలి? రగ్బీ ఆటగాళ్ళ మీద జరిగిన పరిశోధనల్లో, కొత్తవాళ్ళు ఎదుటివాడి తల, భుజాల కదలికలకి మోసపోతారనీ, అనుభవం ఉన్నవాళ్ళు గరిమనాభి, అంటే ఒంటి బరువుకి కేంద్రం, కదలికని పట్టుకుంటారనీ తేలింది. గరిమనాభి ఉండేది నడుం దగ్గర. తలని ఎటైనా తిప్పొచ్చు గానీ, ఒంటి బరువుని అంత తేలిగ్గా తిప్పలేం. "నడుం చూడరా, కాళ్ళు కాదు" అని కోచ్‌లు అరిచేది ఇందుకే.

బంతి ఉన్న పిల్లవాడికి చెప్పాల్సింది ఇంకొకటి: డిఫెండర్ బరువు ఏ కాలి మీద పడిందో చూడు. ఆర్కే బీచ్‌లో అలలు తడిపిన ఇసుక మీద ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. డిఫెండర్ బరువు మోపిన కాలి గుర్తు లోతుగా ఉంటుంది. ఆ కాలిని పైకి తీసేదాకా అతను అటువైపు అడుగు వెయ్యలేడు. దాటినవాడి అడుగు చూస్తే, అతను కుడికి వెళ్ళిన చోట ఇసుక ఎడమకి కట్టలా పేరుకుని ఉంటుంది. నేలని ఎడమకి తోస్తేనే ఒళ్ళు కుడికి వెళ్తుంది, న్యూటన్ మూడో నియమం అక్కడ అచ్చు పడి ఉంటుంది. కాస్త పైన పొడి ఇసుకలో ఇవన్నీ కష్టం. కాలు జారుతుంది, పరుగుకి ఒకటిన్నర రెట్లకి పైగా శక్తి ఖర్చవుతుంది.

కోన్‌కి బరువూ లేదు, ఆలస్యమూ లేదు. బంతి అలవాటయ్యేదాకా కోన్లు మంచివే. ఆ తర్వాత ఎక్కువ సమయం ఎదురుగా మనిషిని పెట్టే నేర్పాలని నా గట్టి అభిప్రాయం. ఒక్కోసారి ఎదురుగా వచ్చే డిఫెండర్, ఒక్కోసారి పక్కనుంచి వచ్చేవాడు, ఒక్కోసారి ఇద్దరు. ఇలా మార్చి మార్చి చేయిస్తే ఆ రోజుకి తప్పులు ఎక్కువే కనిపిస్తాయి, కానీ నేర్చుకున్నది నిలుస్తుంది.

టీనేజ్ పిల్లల విషయంలో ఒక చిక్కుంది. అమ్మాయిలు సుమారు 12 ఏళ్ళకి, అబ్బాయిలు 14 ఏళ్ళకి చాలా వేగంగా ఎదుగుతారు. అబ్బాయిలు ఒక్క ఏడాదిలో సుమారు 9 సెంటీమీటర్లు పొడుగవుతారు, అందులోనూ మొండెం కన్నా కాళ్ళు ముందు సాగుతాయి. నిన్నటిదాకా బాగా ఆడిన పిల్లవాడు కొన్ని నెలలు తడబడొచ్చు. ఆ సమయంలో "వీడికి ఆట రాదు" అని టీమ్ నుంచి తీసేయడం చాలా అన్యాయం.

మోకాలి సంగతి ఇంకా ముఖ్యం. గబుక్కున దిశ మార్చేటప్పుడు మోకాలు లోపలికి వంగితే కీలు మధ్యలో ఎముకలని కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది, అమ్మాయిలకి ఇది మరీ ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్ ఇలాంటి గాయాలు తగ్గించడానికే తయారైంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల మీద చేసిన అధ్యయనంలో, అది చేసిన జట్లకి తీవ్రమైన గాయాలు బాగా తగ్గాయి. దానికి బూట్లు, బంతి, కాస్త ఖాళీ జాగా తప్ప ఖరీదైనదేదీ అక్కర్లేదు. ఆట మొదలుపెట్టే ముందు మోకాలు పాదం వేలి వైపే వంగేలా నెమ్మదిగా దిశ మార్చడం, తర్వాత పరుగు, ఆ తర్వాతే డిఫెండర్. విశాఖ ఉక్కపోతలో ఇదంతా ఉదయం 7 లోపు మొదలుపెట్టి, ఒక్కొక్కరి వంతు పదిహేను సెకన్లకి ఆపి, మధ్యలో నీళ్ళు తాగనిస్తే పిల్లలు చివరిదాకా తాజాగా ఉంటారు.